తనను అంటే ఎవరిని?

ఎర్రమిట్టపాలెం, పొదిలి దగ్గర
2024 ఫిబ్రవరి 5

ప్రభువు కాపుదలలో ఉన్న మా ఇంటి చిన్నపిల్ల స్తుతికి, పెదనాన్న జక్రయ్య వందనాలు.

కవరు చూసి కంగారుపడి ఉంటావు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేది కోర్టువాళ్ళు, లేకపోతే నేను. ఫోను చేద్దామంటే నా సంగతి నీకు తెలిసిందే. ముప్పై ఏళ్ళు లౌడుస్పీకరు పక్కన నిలబడి అరిచిన చెవులివి. ఫోనులో నా గొంతు తప్ప ఇంకెవరి గొంతూ నాకు వినపడదు.

ఇది మంచి వార్త. మీ నాన్న నన్ను పిలిచాడు.

అవునమ్మా, మార్కే. మీ నాయనమ్మ భూస్థాపన రోజున నేను వాక్యం చెబుతుంటే మైకు స్విచ్చి ఆపేసి, "చాలన్నయ్యా, అమ్మ ఎండలో ఉంది" అని పదిమందిలో అన్న నా తమ్ముడే. అప్పటినుంచి నాలుగేళ్ళుగా మాటల్లేవు. మీ అమ్మ పోయినప్పుడు నేను వినుకొండ వచ్చి, వెనక వరసలో నిలబడి, నోరు తెరవకుండా తిరిగి వచ్చేశాను. అప్పుడూ నా వైపు చూడలేదు. అయితే నెలనెలా బియ్యం బస్తా మాత్రం పంపేవాడు. గుంటూరు యార్డులో మిరపకాయలు దించి తిరిగొచ్చే లారీ దాన్ని మన ప్రార్థన పాక ముందు పడేసి పోయేది. అడవిలో ఏలీయాకు కాకులు రొట్టె తెచ్చి పెట్టాయి చూడు, అలాగన్నమాట. మీ నాన్నను కాకి అన్నానని చెప్పకు.

పోయిన నెల బస్తా రాలేదు. దాని బదులు వినుకొండ వకీలు దగ్గరనుంచి కవరు వచ్చింది. మీ నాయనమ్మ పేరున ఉన్న రెండు స్థలాలూ పంచుకునే కాగితం. పాక ఉన్న స్థలం నాకు, వినుకొండ ఇల్లు వాడికి. మార్కు ఫస్ట్ పార్టీ అట, నేను సెకండ్ పార్టీ అట. మొత్తం ఇంగ్లీషే. మంచాలు అల్లే హయాత్ తెలుసుగా, మన పక్కిల్లు. "ఎవరన్నా చదువుకున్నోళ్ళ దగ్గరికి పోదాం పదరా" అన్నాడు. నాకెందుకు చదువుకున్నవాళ్ళు? ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు ఉన్న బైబిలు ముందేసుకొని, గురువనేవాడు లేకుండా నేర్చుకున్నవాణ్ణి. రెండు పూటలు కూర్చొని కాగితం కాగితమంతా చదివాను.

చివరి మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ది ఫస్ట్ పార్టీ డిజైర్స్ దట్ హియరాఫ్టర్ ది సెకండ్ పార్టీ షల్ మెయింటైన్ హిమ్‌సెల్ఫ్."

మాటకు మాట పెట్టి చూడు. ఫస్ట్ పార్టీ కోరుతున్నాడు. ఏమని? ఇకమీదట సెకండ్ పార్టీ తనను పోషించాలని. తనను, అంటే ఎవరిని? కోరినవాణ్ణి. అన్నయ్య ఇక తనను చూసుకోవాలని మార్కు కోరుతున్నాడమ్మా! నోటితో అడగలేక వకీలుతో అడిగించాడు. బియ్యం ఎందుకు ఆగిందో కూడా అప్పుడు తెలిసింది. పాపం, వాడికే జరగడం లేదు.

కయీను దేవుణ్ణే ఎదురడిగాడు, నా తమ్ముడికి నేనేమన్నా కాపలావాడినా అని. నేను ఆ మాట అనను. అవును ప్రభువా, కాపలావాణ్ణే.

సంతకం చేసి తిరుగు టపాలో పంపేశాను. వకీలుగారికి ఇంగ్లీషులో ఒక ముక్క కూడా రాశాను. "మైసెల్ఫ్ జక్రయ్య. మైసెల్ఫ్ విల్లింగ్."

పాక వెనక గదికి సున్నం వేయించాను. హయాత్ కొత్త నులకతో మంచం అల్లుతున్నాడు. మీ నాన్నకు ఇప్పుడు పాలు పడుతున్నాయా? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఎవరూ లేని ఇంట్లో మనిషి దగ్గు వాడికే తిరిగి వినపడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చెవిటివాణ్ణే, కాని మీ పెద్దమ్మ కొండమ్మ పోయినప్పటినుంచి అదొక్కటి మాత్రం బాగా వినపడుతోంది.

వెంటనే రాయి.

నీ పెదనాన్న
జక్రయ్య


గుంటూరు
2024 ఫిబ్రవరి 12

పెదనాన్నకు స్తుతి వందనాలు.

మీ ఉత్తరం హాస్టల్ వార్డెన్ గారు నా చేతికిచ్చి, "కోర్టులో పనిచేసేదానివి, నీకే కోర్టు కాగితమా?" అని అడిగారు. కోర్టులో కాదు, వకీలు ఆఫీసులో టైపు చేస్తానని ఆవిడకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మీరేమీ అనుకోనంటే ఒక చిన్న మాట. ఇంగ్లీషులో "మైసెల్ఫ్ జక్రయ్య" అనకూడదు. వాక్యంలో ముందు "ఐ" ఉండాలి. ఆ "ఐ" చేసిన పని మళ్ళీ తన మీదికే వస్తే, అప్పుడు "మైసెల్ఫ్" వస్తుంది. అద్దంలో బొమ్మలాంటిది, ఎదురుగా మనిషి లేకుండా అది కనపడదు. "ఐ యామ్ జక్రయ్య" అంటే చాలు. మీరొక్కరే కాదు, మా ఆఫీసుకు వచ్చే పెద్దపెద్దవాళ్ళు కూడా ఏదైనా ఉంటే "మైసెల్ఫ్‌ని" సంప్రదించండి అని రాస్తారు. గౌరవంగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. నేను దిద్దితే మా సారు మళ్ళీ పాతదే పెట్టమంటారు, పెద్దరికం తగ్గిపోతుందట.

గదికి సున్నం వేయించడం మంచి పనే, ఎలాగూ గోడలు పాడయ్యాయి. నాన్న నాతో మాత్రం ఏమీ అనలేదు. నెలాఖరు ఆదివారం వినుకొండ వెళ్ళి కనుక్కుంటాను. అప్పటిదాకా తొందరపడకండి పెదనాన్నా. పాకలో ఎవరికీ చెప్పకండి.

నా గదిలో ఉండే జ్యోతిర్మయికి విజయవాడలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. రెండో మంచం ఖాళీ. దాని మీద బట్టలు ఆరేస్తున్నాను. నన్ను నేను చూసుకుంటున్నాను, దిగులు పడకండి.

మీ
స్తుతి


ఎర్రమిట్టపాలెం
2024 ఫిబ్రవరి 19

ఇంగ్లీషు పండితురాలైన స్తుతమ్మగారికి,

"ఐ యామ్" అనమంటావా? ఆ మాట ఎవరిదో తెలుసా నీకు? మండుతున్న పొదలోనుంచి మోషేతో దేవుడు తన పేరుగా చెప్పుకున్న మాట అది. ఉన్నవాడు ఆయనొక్కడే. నేనెవర్ని? వాక్యం మొదట్లోనే తాటిచెట్టులా నిక్కి నిలబడే ఆ "ఐ" నాకు వద్దు. మైసెల్ఫ్ అంటే కాస్త వంగి నమస్కారం పెట్టినట్టుంటుంది. తప్పైతే తప్పే. పరలోకంలో టైపు మిషను లేదు.

ఇక రెండో సంగతి. చెప్పొద్దన్నావు. దీపం వెలిగించి దాని మీద కుంచం బోర్లిస్తారా ఎక్కడైనా? నీ ఉత్తరం శనివారం అందింది, ఆదివారం ప్రార్థనలో నిలబడి చెప్పేశాను. నా తమ్ముడు వస్తున్నాడు, నాతో ఉంటాడు అన్నాను. మిరపకోతలకు పోవలసిన ఆడవాళ్ళు కూడా ఆగి విన్నారు. మరియమ్మ లేచి, "అయ్యగారూ, ఆ మైకాపిన మాస్టారొస్తే మీ ప్రసంగం బేగి అయిపోద్దా?" అంది. పాకంతా నవ్వు. నేనూ నవ్వాను. అందరితో కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

మంచం వచ్చింది. "ఏరా జక్రిగా, దీనిమీద ఏనుగును పడుకోబెట్టినా ఊగదు" అని హయాత్ దానిమీదెక్కి తొక్కి చూపించాడు. కిటికీ పక్కన వేశాను. మూడు రోజులనుంచి మధ్యాహ్నం బస్సు వేళకు రోడ్డు మీదికి పోతున్నాను. కళ్ళాల్లో కాయలు ఎండబోశారు, ఆ ఘాటుకు దగ్గొస్తోంది. మీ నాన్నకు పడుతుందో లేదో అని అదొక్కటే బెంగ.

అయితే ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఇంత పొడుగు పేరా మైసెల్ఫ్ గురించి రాసి, మీ నాన్న గురించి రెండు ముక్కలు రాశావు. నీకు ఇష్టం లేదా? లెక్కల మాస్టారు మార్కు, చెవిటి అన్నతో పాక వెనక గదిలో ఉంటున్నాడంటే రేపు నీ సంబంధాలవాళ్ళు చిన్నచూపు చూస్తారనా? అదే అయితే చెప్పేయి. నీ పెదనాన్న కోపిష్ఠివాడే కాని, నిజం విని చచ్చిపోయేవాడు కాదు.

జక్రయ్య


గుంటూరు
2024 ఫిబ్రవరి 26

పెదనాన్నా,

మీరు రోడ్డు మీదికి పోయి నిలబడుతున్నారని చదివాక ఇక దాచలేను. మీకు కోపం వచ్చినా సరే.

ముందు మా ఆఫీసులో జరిగింది చెబుతాను. బుల్లయ్య అనే రైతు, గట్టు తగాదాలో రోశయ్య తనను కొట్టాడని కేసు పెట్టాడు. తెలుగు కాగితంలో "రోశయ్య తనను కొట్టాడని బుల్లయ్య చెప్పాడు" అని ఉంది. దెబ్బలు ఎవరికి తగిలాయి? బుల్లయ్యకే. మీకూ నాకూ అందులో అనుమానమే లేదు. మా జూనియరు దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ "తనను" ఉన్నచోట "హిమ్‌సెల్ఫ్" పెట్టాడు. జడ్జిగారు చదివి, "రోశయ్య తనను తానే కొట్టుకుంటే, మధ్యలో మీ బుల్లయ్యకు నొప్పి ఏమిటయ్యా?" అన్నారట. కోర్టంతా నవ్విందట. బుల్లయ్య మాత్రం కట్టు కట్టిన చేత్తో నిలబడి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి మొహాలూ చూశాడట.

మన "తనను" గడప దాటుతుంది పెదనాన్నా. వీధి దాటి, మొదట ఆ మాట అన్నది ఎవరో వాళ్ళను వెతుక్కుంటూ పోతుంది. ఇంగ్లీషు "హిమ్‌సెల్ఫ్" గడప దాటదు. పక్కనే ఎవరుంటే వాళ్ళ దగ్గర ఆగిపోతుంది. కోర్టు కాగితాల్లో మరీను. ఆ వాక్యంలో దాని పక్కన ఉన్నది మీరు, సెకండ్ పార్టీ. "ఇకమీదట అన్నయ్య తనను తానే పోషించుకోవాలని తమ్ముడు కోరుతున్నాడు." దాని అర్థం ఇదే. బియ్యం ఆగింది అందుకే.

నిన్న వినుకొండ వెళ్ళాను. నాన్న వంటగదిలో నిలబడే అన్నం తింటున్నారు. కంచం గట్టు మీద పెట్టుకొని. కూర్చోవచ్చు కదా అంటే, ఒక్కడికి కూర్చోవడం ఎందుకు అన్నారు. "పెదనాన్న దగ్గరికి వెళుతున్నారా?" అని అడిగాను. "నేనెందుకు వెళతాను? కాగితం చేసుకున్నాం. ఎవరి దారి వాళ్ళది" అన్నారు.

ఇది మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. హిమ్‌సెల్ఫ్ గురించి రాయడానికి చెయ్యి రాక మైసెల్ఫ్ గురించి రాశాను. మీ పాక నాకెప్పుడూ చిన్నతనం కాదు.

నన్ను నేను చూసుకుంటున్నాను. మీరు అన్నం మానకండి.

స్తుతి


ఎర్రమిట్టపాలెం
2024 మార్చి 4

అమ్మా స్తుతీ,

అందింది. నీ బుల్లయ్య సంగతి అర్థమైంది. నమ్మక, నా బైబిలు ఎడమ పేజీలన్నీ తిరగేసి చూశాను. నువ్వు చెప్పిందే నిజం. ఆ మాట ఎక్కడా గడప దాటలేదు.

ఒకచోట మాత్రం ఆగిపోయాను. సిలువ కింద నిలబడి వెక్కిరించినవాళ్ళ నోట్లో ఉంది ఆ మాట. అందరినీ కాపాడాడు కాని తనను తాను కాపాడుకోలేడట. నిన్ను నువ్వు చూసుకో, దిగిరా అని అరిచారు. ఇన్నేళ్ళూ ఆ మాట మీద గొంతు చించుకొని ప్రసంగం చేశాను. కింద నిలబడి వింటే ఎలా ఉంటుందో చెప్పాను. పైన ఉండి వింటే ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

మార్కును వాళ్ళతో పోల్చడం లేదు. కన్నతల్లి ఎండలో ఉంటే నేను మైకు వదల్లేదు. వాడి కోపం వాడికి ఉంటుంది.

హయాత్ రోజూ అడుగుతాడు, "నీ తమ్ముడు ఏ బస్సుకొస్తాడ్రా?" అని. వస్తాడులేరా అంటాను. మళ్ళీ అడిగితే వినపడనట్టు ఉంటాను. చెవుడు ఒక్కోసారి మేలు. మంచం మీద దుప్పటి పరిచే ఉంది. తీస్తే, ఎందుకు తీశావని అడుగుతారు. నిన్న వాక్యానికి నిలబడి, పది నిమిషాల్లో కూర్చున్నాను. ఎవరూ లేవలేదు. ఇంకా ఏదో ఉందనుకొని నా మొహం చూస్తూ కూర్చున్నారు.

నేను అలా చదివానని మీ నాన్నకు చెప్పకు. నవ్వితే ఫరవాలేదు. జాలిపడితే భరించలేను. సంతకం పెట్టాను, దానికి కట్టుబడి ఉంటాను. ఇక నన్ను నేను

ఆ వాక్యం పూర్తి చేయబుద్ధి కావడం లేదు. ఉంటాను.

జక్రయ్య


గుంటూరు
2024 మార్చి 11

పెదనాన్నా,

మీ ఉత్తరం ఈ ఉదయం అందింది. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే బాగుండేది. నిన్న వినుకొండలో నాన్నకు చెప్పేశాను.

చెప్పడం కూడా కాదు, మీ మొదటి ఉత్తరం తీసుకుపోయి చేతికిచ్చాను. కాకి అన్న చోట మూతి తిప్పారు. మీరు హిమ్‌సెల్ఫ్‌కు అర్థం చెప్పిన చోట పెద్దగా నవ్వారు. "అన్నయ్య ఇంగ్లీషు ఎప్పుడూ ఇంతే. చిన్నప్పుడు నాకు నేర్పుతానని కూర్చోబెట్టి, నా మార్కులు కూడా పోగొట్టాడు" అన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. మొదటినుంచి మళ్ళీ చదివారు. దగ్గు గురించి రాశారే, అక్కడ చాలాసేపు ఉండిపోయారు. కాగితం వణుకుతుంటే, ఫ్యాను గాలికేమో అనుకొని ఫ్యాను ఆపాను. ఆపినా వణుకుతూనే ఉంది. పోయినసారి నిలబడి ఎందుకు తింటున్నారో అప్పుడు అర్థమైంది. నిలబడితే చెయ్యి గట్టుకు ఆనించుకోవచ్చు. నాతో చెప్పనేలేదు.

"మంచం ఏ వైపు వేశాడట?" అని అడిగారు.

కిటికీ పక్కన అన్నాను.

"అటు సాయంత్రం ఎండ కొడుతుంది. అన్నయ్యకు తెలియదు" అన్నారు. "తప్పు చదివావని నువ్వు రాశావా?" అన్నారు. నాకేమైందో, లేదన్నాను. "రాయకు" అన్నారు. వస్తారని నేను అనడం లేదు పెదనాన్నా. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నాన్నకు చెప్పొద్దని మీరన్నారు. మీకు చెప్పొద్దని నాన్న అన్నారు. నేను ఇద్దరికీ చెప్పి కూర్చున్నాను. గుంటూరు వచ్చేసరికి గదిలో కరెంటు లేదు. ఖాళీ మంచం మీద బట్టలు తీసి మడతపెట్టి, మళ్ళీ దానిమీదే పెట్టాను.

నన్ను నేను చూసుకుంటున్నాను.

స్తుతి


ఎర్రమిట్టపాలెం
2024 మార్చి 18

మా ఇంటి సువార్త స్తుతికి,

గురువారం మధ్యాహ్నం నేను రోడ్డు మీదికి పోలేదు. నీ బుల్లయ్య ఉత్తరం అందాక పోవడం మానేశాను. హయాత్ కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. నాకు వినపడదని చెయ్యి పట్టి గుంజి, "ఒరేయ్ జక్రిగా, నీ ఫస్ట్ పార్టీ దిగాడ్రా!" అన్నాడు.

ఆటోలోనుంచి బియ్యం బస్తా, దాని వెనక మీ నాన్న. సన్నబడ్డాడు. నన్ను దాటుకొని నేరుగా గదిలోకి పోయి చూశాడు.

"కిటికీ వైపు వేశావేం? ఎండ కొడుతుంది."

నాలుగేళ్ళ తర్వాత నా తమ్ముడు నాతో అన్న మొదటి మాట అది. వాడొక కోడు, నేనొక కోడు పట్టుకొని మంచం గోడవైపు జరిపాం. జరిపాక దానిమీద కూర్చొని, నాకు వినపడాలని క్లాసులో లాగా గట్టిగా అడిగాడు.

"కాగితం చదివావా?"

"చదివాను."

"అర్థమైందా?"

"అయింది."

"ఏమని?"

అబద్ధానికి తండ్రి సాతానని ఈ పాకలో వేలసార్లు చెప్పినవాణ్ణి నేను. మైకు ముందు నిలబడి ఒక్క అబద్ధం ఆడలేదు. మైకు లేనప్పుడు ఆడాను. "ఇకనుంచి నిన్ను నేను చూసుకోవాలని రాయించావు" అన్నాను.

వాడు గోడ వైపు చూశాడు. సున్నం ఇంకా పచ్చివాసన వేస్తోంది. "ఆఁ. అదే రాయించాను" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ వచ్చి నన్ను తీసుకుపోలేదేం?" అని తిరిగి నన్నే దబాయించాడు!

నువ్వు నాకు అసలు అర్థం రాశావని వాడికి తెలియదు. తెలియనివ్వకు. నిజం చెబితే నేను సత్యవంతుణ్ణవుతాను, మంచం ఖాళీ అవుతుంది. దీనికి తీర్పు దినాన జవాబు నేను చెప్పుకుంటాను. ఇంగ్లీషు రాదని చెబుతాను.

చెయ్యి వణుకుతోందని నువ్వు రాసింది నిజమే. గ్లాసులో సగానికే నీళ్ళు పోసి ఇస్తున్నాను. ఎందుకు సగం అని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. కింద కూర్చొని తింటున్నాడు. ఎన్నాళ్ళుంటాడో తెలియదు. సంచిలో రెండు జతలే ఉన్నాయి. అడిగితే లెక్క చెబుతాడు, లెక్కల మాస్టారు కదా. అందుకే అడగడం లేదు.

నిన్న ప్రార్థనలో మైకు పక్కనే కూర్చున్నాడు, చెయ్యి స్విచ్చి దగ్గరే. మరియమ్మ అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరగంటలో ముగించాను. అయినా వాడు ఆపలేదమ్మా. ఇంకా చెబుతానేమోనని నా మొహం చూస్తూ కూర్చున్నాడు.

ఇక నీ సంగతి. ఇప్పుడు నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకొని చదివాను. ప్రతిదాని చివరా, నన్ను నేను చూసుకుంటున్నాను అని రాస్తావు. వ్యాకరణం బాగానే ఉంది, దిద్దడానికి ఏమీ లేదు. కాని ఆ మాట గడప దాటదని నువ్వే చెప్పావు. ఎవరూ రాని గదిలో, గడప లోపల, బట్టలు ఆరేసిన మంచం పక్కన కూర్చొని రాస్తున్నావని నాకు ఇప్పుడు తెలుస్తోంది. మొదట్లో అది నాకు ధైర్యంలాగా వినపడింది. చెవిటివాణ్ణి కదా.

శనివారం రాత్రికల్లా వచ్చేసేయి. మీ నాన్నకు చెప్పలేదు. హయాత్‌కు ఇంకో మంచానికి నులక చెప్పాను. ఎవరికిరా అని అడిగాడు.

తనకు, అన్నాను.

"తనకంటే ఎవరికిరా?" అన్నాడు.

వినపడనట్టు ఊరుకున్నాను.

ఇట్లు
మైసెల్ఫ్ జక్రయ్య
దిద్దొద్దు.